పల్లె బడి నుంచి వ్యవసాయ కళాశాలకు: ప్రవేశ వర్గాలు, అర్హతలు, రుజువులు

వ్యవసాయ డిగ్రీ కౌన్సెలింగ్ జరిగే రోజున ప్రాంగణంలోకి వచ్చే ప్రతి కుటుంబం చేతిలోనూ ఒక ఫైలు ఉంటుంది. అందులో ర్యాంకు కార్డు, మార్కుల జాబితా, కుల ధ్రువీకరణ పత్రం, పట్టాదారు పాసు పుస్తకం నకలు, బడి నుంచి తెచ్చిన స్టడీ సర్టిఫికెట్లు వరుసగా పేర్చి ఉంటాయి. ధ్రువపత్రాల పరిశీలన బల్ల వద్దకు చేరేవరకు ఆ కుటుంబానికి ర్యాంకే సర్వస్వం. బల్ల వద్ద అధికారి అడిగే ప్రశ్నలు మాత్రం వేరుగా ఉంటాయి. అభ్యర్థి ఏ తరగతి ఏ ఊళ్లో చదివాడు? ఆ ఊరు అప్పట్లో పురపాలక సంఘం పరిధిలో ఉందా? భూమి ఎవరి పేరున ఉంది? చివరి నాలుగేళ్ల చదువు ఏ ప్రాంతంలో సాగింది? వీటిలో దేనికీ ఆ రోజున కొత్తగా జవాబు తయారు చేసుకోవడం సాధ్యం కాదు. అయిదేళ్ల కిందటో, పదేళ్ల కిందటో పిల్లవాణ్ని ఏ బడిలో చేర్చాలని ఇంట్లో మాట్లాడుకున్న నాడే ఆ జవాబులు స్థిరపడి ఉంటాయి.

ప్రవేశ నిబంధనలను విద్యార్థులు సాధారణంగా ఇంటర్మీడియట్ పరీక్షల తరువాతే చదువుతారు. అప్పటికి సరిదిద్దుకోగలిగినవి కొన్ని, చేయి దాటిపోయినవి కొన్ని ఉంటాయి. అర్హత ఉండీ రుజువు లేక సీటు కోల్పోయే గ్రామీణ విద్యార్థి విషయంలో నష్టం అతని ఒక్కడిది మాత్రమే కాదు. ఎవరి కోసం ఆ సీటు ప్రత్యేకించబడిందో ఆ ఉద్దేశమే నెరవేరకుండా పోతుంది. రైతు కుటుంబాలతో నిత్యం మాట్లాడే విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ నిబంధనల అమరిక తెలిసి ఉండవలసిన అవసరం ఇక్కడే ఉన్నది.

రైతు కోటా వెనుక ఉన్న ఆలోచన

అమెరికాలో 1862లో వచ్చిన మోరిల్ చట్టం వ్యవసాయం, యంత్రవిద్య బోధించే కళాశాలల కోసం రాష్ట్రాలకు ప్రభుత్వ భూములను కేటాయించింది. శ్రమజీవుల బిడ్డలకు ఉన్నత విద్య అందాలన్నది ఆ చట్టం ఉద్దేశం. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే సంస్థలో కలిసి ఉండాలనే ఆ నమూనా ఆధారంగా భారతదేశంలో తొలి వ్యవసాయ విశ్వవిద్యాలయం 1960లో పంత్‌నగర్‌లో ఏర్పడింది. 1964 జూన్ 12న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పాటైంది. అంతకు ముందే 1945లో బాపట్లలోను, 1961లో తిరుపతిలోను నెలకొన్న వ్యవసాయ కళాశాలలు అందులో భాగమయ్యాయి. 1996లో ఈ విశ్వవిద్యాలయానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. 2014లో రాష్ట్ర విభజన తరువాత రాజేంద్రనగర్ కేంద్రంగా ప్రొఫెసర్ జయశంకర్ పేరిట తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడగా, రంగా విశ్వవిద్యాలయం గుంటూరు సమీపంలోని లాం నుంచి పనిచేస్తున్నది.

ఈ నమూనాలో విద్యార్థి ఎక్కడి నుంచి వస్తున్నాడన్నది కూడా విద్యలో భాగమే. నారుమడిని, కోతను, కల్లాన్ని కళ్లారా చూసినవాడు తరగతి గదిలోకి వచ్చినపుడు పాఠ్యాంశానికి ఒక అనుభవం తోడవుతుంది; చదువు ముగిశాక అదే పల్లెల్లో పనిచేసే అవకాశం హెచ్చుగా ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీట్లలో 40 శాతాన్ని రైతు కోటాగా ఉంచడం ఈ ఆలోచన నుంచి వచ్చినదే. ఇంజనీరింగ్ ప్రవేశాల్లో ఇటువంటి వర్గం కనిపించదు.

నాలుగు వేర్వేరు ప్రశ్నలు

ప్రవేశ ప్రకటనలో పక్కపక్కనే కనిపించే నిబంధనలు నిజానికి నాలుగు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. అభ్యర్థి ఈ కోర్సు చదవడానికి అర్హుడా అన్నది మొదటిది. పోటీలో అతని స్థానం ఎంత అన్నది రెండవది. ఏ వర్గాల సీట్లకు అతన్ని పరిగణించాలి అన్నది మూడవది. ఆ వర్గానికి చెందినట్లు అతను ఏ పత్రంతో నిరూపిస్తాడు అన్నది నాలుగవది. ఒక ప్రశ్నకు వచ్చిన మంచి జవాబు మరొక ప్రశ్నలోని లోటును పూడ్చదు. మంచి ర్యాంకు వయోపరిమితిని సడలించదు. పదెకరాల భూమి బైపీసీ చదవని లోటును తీర్చదు. నిజంగా రైతు బిడ్డ అయినంత మాత్రాన ధ్రువపత్రం అక్కరలేకుండా పోదు.

మొదటి ప్రశ్నకు సంబంధించి, వ్యవసాయ బీఎస్సీ ఆనర్స్ కోర్సుకు భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతో ఇంటర్మీడియట్ లేదా తత్సమాన పరీక్ష ఉత్తీర్ణత ప్రధానార్హత. వ్యవసాయ ఇంజనీరింగ్ బీటెక్ కోర్సుకు ఎంపీసీ చదివి ఉండాలి. వ్యవసాయ సంబంధ వృత్తివిద్యా ఇంటర్మీడియట్ చదివినవారికి బ్రిడ్జి కోర్సు ఉత్తీర్ణత కీలకం. వృత్తివిద్యా కోర్సు పూర్తయింది కాబట్టి అర్హత వచ్చినట్లేనని భావించి బ్రిడ్జి పరీక్షలను విడిచిపెట్టే విద్యార్థులు ఈ మెట్టు వద్దే ఆగిపోతారు.

వయస్సు విషయంలో ప్రవేశం పొందే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండి ఉండాలనీ, 22 ఏళ్లు దాటరాదనీ ఈ విశ్వవిద్యాలయాలు నిర్దేశిస్తున్నాయి. గరిష్ఠ వయస్సు షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 25, దివ్యాంగులకు 27. చిన్ననాడే బడిలో వేసి, రెండు తరగతులు దాటించి చదివించిన పిల్లలు కనీస వయస్సు వద్ద చిక్కుకుంటారు. చదువు మధ్యలో మాని, పొలం పనులు చూసుకుని, మళ్లీ ఇంటర్మీడియట్ పూర్తి చేసినవారు గరిష్ఠ వయస్సు వద్ద చిక్కుకుంటారు. పల్లెల్లో ఈ రెండవ వర్గం తక్కువేమీ కాదు.

రెండవ ప్రశ్నకు జవాబు ప్రవేశ పరీక్ష ర్యాంకు. పూర్వం ఎంసెట్‌గా ప్రసిద్ధమైన పరీక్ష ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఈఏపీసెట్ పేరుతో జరుగుతున్నది. వ్యవసాయ విభాగంలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఒక్కొక్కదానికి 40 చొప్పున మొత్తం 160 మార్కులు. ర్యాంకు పొందడానికి 25 శాతం, అంటే 40 మార్కులు రావాలి. షెడ్యూల్డు కులాలు, తెగల అభ్యర్థులకు ఈ కనీస పరిమితి లేదు.

స్థానికతను నిర్ణయించేది బడి

మూడవ ప్రశ్నలో మొదట వచ్చేది స్థానికత. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు విద్యాసంస్థల్లో 85 శాతం సీట్లను స్థానిక అభ్యర్థులకు ప్రత్యేకించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంతం, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం అని మూడు స్థానిక ప్రాంతాలను గుర్తించారు. రాష్ట్రవ్యాప్త సంస్థల్లో సీట్లను ఈ ప్రాంతాల మధ్య 42:36:22 నిష్పత్తిలో పంచారు. పూర్వపు శ్రీకాకుళం జిల్లా మొదలు ప్రకాశం వరకు ఉన్న కోస్తా జిల్లాలు ఆంధ్ర ప్రాంతంలోకి, రాయలసీమ జిల్లాలు నెల్లూరుతో కలిసి శ్రీ వేంకటేశ్వర ప్రాంతంలోకి, తెలంగాణ జిల్లాలు ఉస్మానియా ప్రాంతంలోకి వస్తాయి.

తండ్రి స్వగ్రామం, భూమి ఉన్న ఊరు, ఓటు ఉన్న ఊరు స్థానికతను నిర్ణయిస్తాయని చాలామంది అనుకుంటారు. ఉత్తర్వు మొదట చూసేది చదివిన చోటును. అర్హత పరీక్షతో ముగిసే చివరి నాలుగు విద్యాసంవత్సరాలు వరుసగా ఒకే ప్రాంతంలో చదివితే అభ్యర్థి ఆ ప్రాంతానికి స్థానికుడు. ఆ నాలుగేళ్లూ ఒకే ప్రాంతంలో లేకపోతే చివరి ఏడేళ్లను లెక్కించి, వాటిలో ఎక్కువ కాలం చదివిన ప్రాంతానికి అతన్ని స్థానికుడిగా పరిగణిస్తారు.

కర్నూలు జిల్లా గ్రామంలో పదవ తరగతి వరకు చదివి, ఇంటర్మీడియట్‌కు గుంటూరు వెళ్లిన విద్యార్థిని ఉదాహరణగా తీసుకోవచ్చు. చివరి నాలుగేళ్లలో రెండేళ్లు ఒక ప్రాంతంలో, రెండేళ్లు మరొక ప్రాంతంలో గడిచాయి. కనుక ఏడేళ్ల లెక్క వర్తిస్తుంది. ఆరు నుంచి పది వరకు అయిదేళ్లు రాయలసీమలోనే గడిచినందున అతడు శ్రీ వేంకటేశ్వర ప్రాంతపు స్థానికుడే. అదే విద్యార్థి ఎనిమిదవ తరగతిలోనే గుంటూరులోని వసతి పాఠశాలలో చేరితే లెక్క మారుతుంది. చివరి నాలుగేళ్లూ గుంటూరులోనే గడిచినందున ఆంధ్ర ప్రాంతపు స్థానికుడవుతాడు. తన పొలం, ఇల్లు, తల్లిదండ్రులు కర్నూలు జిల్లాలోనే ఉన్నా స్వప్రాంతపు స్థానిక సీట్లకు అతడు స్థానికేతరుడు. ఇది లాభమా నష్టమా అన్నది ఆ ఏటి పోటీని బట్టి ఉంటుంది. తెలియక జరగడమే ఇందులో ఇబ్బంది.

విభజన చట్టం రెండు రాష్ట్రాల విద్యార్థులకు ఉన్నత విద్యలో సమాన అవకాశాలను పదేళ్లు కొనసాగించింది. ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. ఆపైన స్థానికేతర సీట్ల విషయంలో ఆయా రాష్ట్ర ప్రభుత్వాల ఉత్తర్వులే ప్రమాణం. సరిహద్దు మండలాల్లో పక్క రాష్ట్రపు కళాశాలలో చేరే ఆలోచన ఉన్న కుటుంబాలకు పాత అనుభవం ఇకపై ఆధారం కాజాలదు.

నిలువు వర్గాలు, అడ్డ వర్గాలు

స్థానికత నిర్ణయమైన తరువాత సామాజిక రిజర్వేషన్లు వర్తిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాలకు 15, షెడ్యూల్డు తెగలకు 6, వెనుకబడిన తరగతులకు 29 శాతం సీట్లున్నాయి. వెనుకబడిన తరగతుల్లో ఏ వర్గానికి 7, బీ వర్గానికి 10, సీ వర్గానికి 1, డీ వర్గానికి 7, ఈ వర్గానికి 4 శాతం. తెలంగాణలో షెడ్యూల్డు తెగల వాటాను 2022లో 10 శాతానికి పెంచారు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు షెడ్యూల్డు కులాల ఉపవర్గీకరణను సమర్థించిన తరువాత, 2025లో తెలంగాణ ఆ 15 శాతాన్ని 1, 9, 5 శాతాలుగాను, ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5 శాతాలుగాను మూడు వర్గాలకు విభజించాయి. అందువల్ల పాత కుల ధ్రువపత్రంలో ఉపవర్గం లేని అభ్యర్థి ముందుగానే కొత్త పత్రం తీసుకోవడం మంచిది.

ఇవి నిలువు వర్గాలు. మహిళలకు మూడోవంతు, దివ్యాంగులకు 2016 చట్టం ప్రకారం కనీసం 5 శాతం, ఎన్‌సీసీ, క్రీడలు, సైనిక కుటుంబాల పిల్లల వాటాలు అడ్డ వర్గాలు. ఇవి ప్రతి నిలువు వర్గం లోపలి నుంచే సాగుతాయి. రైతు కోటా కూడా ఈ తీరునే అమలవుతుంది. ఒక కళాశాలలో 100 సీట్లున్నాయనుకుంటే, షెడ్యూల్డు కులాలకు చెందిన 15 సీట్లలో 6 ఆ వర్గపు రైతు కుటుంబాల పిల్లలకు వెళతాయి. బీసీ బీ వర్గపు 10 సీట్లలో 4 ఆ వర్గపు రైతు బిడ్డలవి. అంటే ఒక అభ్యర్థి ఏకకాలంలో స్థానికుడు, బీసీ బీ వర్గానికి చెందినవాడు, రైతు కోటాకు అర్హుడు కావచ్చు. వీటిలో ఒక్క పత్రం లోపించినా అతడు మిగతా సీట్లకు పోటీలో ఉంటాడు గాని, అతని ర్యాంకు ముందు నిలిచే పోటీదారుల సంఖ్య మారిపోతుంది. రైతు కోటా దరఖాస్తు గడిలో ‘కాదు’ అని పొరపాటున గుర్తు పెట్టిన అభ్యర్థి కోల్పోయేది ఇదే.

తక్కువ ర్యాంకుతో సీటు దొరుకుతుందనే ఒకే కోణంలో ఈ వర్గాలను చూడడం విద్యార్థుల మధ్య అపోహలకు దారితీస్తుంది. రిజర్వుడు వర్గానికి చెందిన అభ్యర్థి తన ర్యాంకుతోనే సాధారణ వర్గంలో సీటు పొందితే, ఆ సీటు అతని వర్గం వాటాలో లెక్కకు రాదు. ఈ సూత్రం కౌన్సెలింగ్ మొత్తానికి వెన్నెముక వంటిది.

రైతు ఎవరు?

రైతు కోటాకు ప్రధానంగా రెండు నిబంధనలున్నాయి. ఒకటవ తరగతి నుంచి పన్నెండవ తరగతి వరకు గల చదువులో కనీసం నాలుగేళ్లు పురపాలక సంఘ పరిధికి వెలుపల చదివి ఉండాలి. అభ్యర్థి పేరున గాని తల్లిదండ్రుల పేరున గాని కనీసం ఒక ఎకరం వ్యవసాయ భూమి ఉండాలి. ఈ రెండింటిలో ఒకటి అనుభవాన్ని, రెండవది సంబంధాన్ని కొలుస్తాయి. కొలిచే సాధనాలుగా అవి సులభమైనవి. అయితే పల్లె జీవితం అంత సులభంగా వాటిలో ఇమడదు.

నాలుగేళ్ల నిబంధన వరుసగా ఉండాలని చెప్పదు; చివరి నాలుగేళ్లే కావాలనీ అడగదు. పైన చెప్పిన కర్నూలు విద్యార్థి ఎనిమిదవ తరగతికే గుంటూరు వెళ్లినా, ఒకటి నుంచి ఏడు వరకు ఊళ్లోని బడిలో చదివాడు కాబట్టి ఈ నిబంధనను దాటగలడు. స్థానికత మారినా రైతు కోటా నిలిచి ఉంటుంది. దీనికి భిన్నంగా నాలుగెకరాల మాగాణి ఉన్న మరొక రైతు తన కుమార్తెను ఎల్‌కేజీ నుంచే పట్టణంలోని బడికి బస్సులో పంపితే, ఆమె రోజూ పల్లెలోనే నిద్రలేచినా, చదువు మాత్రం పురపాలక పరిధిలో సాగింది కాబట్టి అర్హత చేజారుతుంది. నివాసం ఒక చోట, బడి ఒక చోట ఉన్నపుడు నిబంధన బడినే చూస్తుంది. ఇవాళ మండల కేంద్రాల చుట్టుపక్కల పల్లెల్లో పసుపుపచ్చ బస్సులు తెల్లవారే సరికి వచ్చి నిలబడుతున్నాయి. ఆ బస్సు ఎక్కిస్తున్నపుడు తల్లిదండ్రులకు ఈ నిబంధన గుర్తుండే వీలు లేదు. ఎవరో చెప్పి ఉండాలి.

భూమి నిబంధనలోనూ మూడు చోట్ల చిక్కులు కనిపిస్తాయి. మొదటిది వారసత్వ భూమి. అనేక కుటుంబాల్లో భూమి ఇంకా తాత పేరునే ఉంటుంది. సాగు మాత్రం తండ్రి చేస్తుంటాడు. అన్నదమ్ముల మధ్య నోటిమాటగా పంపకాలు జరిగి, రెవెన్యూ రికార్డులో పేరు మార్పిడి జరగకపోవడం మామూలే. నిబంధన అభ్యర్థి లేదా తల్లిదండ్రుల పేరును అడుగుతుంది కాబట్టి తాత పాసు పుస్తకం అక్కరకు రాదు. ఇది సరిదిద్దుకోగల లోటు. అయితే పేరు మార్పిడికి పట్టే వ్యవధి కౌన్సెలింగ్ తేదీల మధ్య దొరకదు.

రెండవది కమతాల పరిమాణం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారు, తెలంగాణలో 1 హెక్టారు. సగటే రెండున్నర ఎకరాల లోపు ఉన్నచోట, ముగ్గురు అన్నదమ్ములు పంచుకున్న తరువాత ఒక్కొక్కరికి ఎకరం కూడా మిగలని కుటుంబాలు సహజంగానే ఉంటాయి. తల్లి పేరున ఉన్న భూమినీ లెక్కలోకి తీసుకునే వెసులుబాటు ఉన్నా, పసుపు కుంకుమల కింద వచ్చిన పొలాన్ని ఆమె పేరున నమోదు చేయించని ఇళ్లు అనేకం.

మూడవది కౌలు రైతుది. అతని బిడ్డ పల్లె బడిలోనే చదువుతాడు, సెలవుల్లో పొలంలోనే ఉంటాడు. రైతు కోటా ఏ అనుభవాన్ని ఆశిస్తున్నదో అది అతనికి సంపూర్ణంగా ఉన్నది. పాసు పుస్తకం మాత్రం యజమాని పేరున ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కౌలుదారుకు 11 నెలల కాలానికి సాగు హక్కు పత్రం ఇస్తున్నది. రుణం, బీమా, నష్టపరిహారం వంటి వాటికి ఉద్దేశించిన ఈ పత్రం భూమిపై యాజమాన్యాన్ని ఇవ్వదు. భూమి లేని వ్యవసాయ కూలీల పిల్లల స్థితి ఇంకా వెలుపల ఉన్నది. తెలంగాణలో వ్యవసాయ కూలీల పిల్లలకు ప్రత్యేకంగా సీట్లు కేటాయించే దిశగా ఇటీవల అడుగు పడింది.

పట్టణంలో స్థిరపడి, పొలాన్ని కౌలుకిచ్చిన యజమాని భూమి నిబంధనను దాటగలడు. ఆ పొలం దున్నే కౌలుదారు దాటలేడు. నాలుగేళ్ల గ్రామీణ విద్య నిబంధన ఉండడం వల్లనే ఈ అసమానత కొంత తగ్గుతున్నది. భూమిని కొలిచే నిబంధన కంటే బడిని కొలిచే నిబంధన కోటా ఉద్దేశానికి దగ్గరగా ఉన్నదని ఈ పోలిక సూచిస్తుంది. వ్యవసాయ విస్తరణ, గ్రామీణ సామాజిక శాస్త్ర విభాగాల పీజీ విద్యార్థులకు ఇది చేపట్టదగిన పరిశోధనాంశం: రైతు కోటాలో చేరినవారి కుటుంబ సాగు స్థితి ఏమిటి, చదువు తరువాత వారిలో ఎందరు గ్రామీణ ప్రాంతాల్లో పనిచేస్తున్నారు, నిబంధనలు వెలుపల ఉంచుతున్న వారెవరు?

పదవ తరగతి నుంచి మరొక దారి

ఇంటర్మీడియట్ ఒక్కటే దారి కాదు. పదవ తరగతి తరువాత వ్యవసాయ పాలిటెక్నిక్‌లో రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా చదివి, ఆపైన విశ్వవిద్యాలయం నిర్వహించే అగ్రిసెట్ రాసి డిగ్రీలో చేరవచ్చు. విత్తన సాంకేతికత, సేంద్రియ వ్యవసాయం డిప్లొమాలు చేసినవారికీ ఈ పరీక్షే మార్గం. వ్యవసాయ ఇంజనీరింగ్ డిప్లొమా వారికి తెలంగాణలో అగ్రిఇంజిసెట్ వేరుగా ఉన్నది. పాలిటెక్నిక్‌లలో ప్రవేశానికీ గ్రామీణ ప్రాంతంలో చదివిన కాలం ముఖ్యమే.

ఇంటర్మీడియట్ కళాశాల ఫీజులు, ప్రవేశ పరీక్ష శిక్షణ ఖర్చులు భరించలేని కుటుంబాలకు ఈ మార్గం రెండు విధాల ఉపయోగపడుతుంది. డిప్లొమాతోనే ఉపాధి అవకాశం ఉన్నది; డిగ్రీకి వెళ్లే తలుపు కూడా తెరిచే ఉంటుంది. అయితే ఒక జాగ్రత్త అవసరం. ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులైన వారిని డిప్లొమా ప్రవేశాలకు సాధారణంగా అనర్హులుగా పరిగణిస్తారు. ఇంటర్మీడియట్ పూర్తి చేసి, ర్యాంకు రాలేదని వెనక్కి వచ్చి డిప్లొమాలో చేరాలనుకునే వారికి దారి మూసి ఉంటుంది. కాబట్టి ఈ ఎంపిక పదవ తరగతి ఫలితాల నాడే జరగవలసినది.

జాతీయ వాటా, విదేశీ అభ్యర్థులు

రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయాల డిగ్రీ సీట్లలో 20 శాతాన్ని భారతీయ వ్యవసాయ పరిశోధనా మండలి జాతీయ స్థాయిలో భర్తీ చేస్తున్నది. 2023 నుంచి ఈ ప్రవేశాలకు సీయూఈటీ మార్కులే ఆధారం. ఝాన్సీ, పూసా కేంద్రీయ వ్యవసాయ విశ్వవిద్యాలయాల సీట్లన్నీ ఈ మార్గంలోనే నిండుతాయి. తెలుగు విద్యార్థి పంత్‌నగర్‌లోనో లూధియానాలోనో చదవడానికీ, బయటి రాష్ట్రాల విద్యార్థులు బాపట్లకో రాజేంద్రనగర్‌కో రావడానికీ దారి ఇదే. స్వరాష్ట్రం వెలుపల చేరినవారికి జాతీయ ప్రతిభా ఉపకార వేతనం లభించే అవకాశం ఉన్నది. ఇందులో కనీస వయస్సు 16 ఏళ్లు కాబట్టి రాష్ట్ర నిబంధన ప్రకారం వయస్సు చాలని విద్యార్థి కూడా దీనికి ప్రయత్నించవచ్చు.

రాష్ట్ర ధ్రువపత్రాలు ఇక్కడ యథాతథంగా చెల్లవు. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండకపోవచ్చు. ఉన్నా, సంపన్న శ్రేణికి చెందలేదనే కేంద్ర నమూనా పత్రం కావాలి. ఆర్థికంగా బలహీన వర్గాల విషయంలో రైతు కుటుంబాలను తికమకపెట్టే తేడా మరొకటి ఉన్నది. కేంద్ర నిబంధన ప్రకారం కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయల లోపు ఉన్నా, 5 ఎకరాలు లేదా అంతకు మించిన వ్యవసాయ భూమి ఉంటే ఆ కుటుంబం అర్హత కోల్పోతుంది. రెండు తెలుగు రాష్ట్రాలు 2021లో ఆదాయ పరిమితినే ప్రమాణంగా తీసుకున్నాయి. అనంతపురం జిల్లాలో ఆరెకరాల మెట్ట ఉన్న రైతు బిడ్డ రాష్ట్ర కౌన్సెలింగ్‌లో ఈ వర్గపు అభ్యర్థి. జాతీయ కౌన్సెలింగ్‌లో సాధారణ అభ్యర్థి. వాన మీద ఆధారపడిన ఆరెకరాలు, కాలువ కింద ఆరెకరాలు నిబంధన దృష్టిలో ఒకటే.

ప్రవాస భారతీయ కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా సీట్లు, విదేశీ విద్యార్థులకు కేంద్ర వ్యవసాయ పరిశోధన, విద్యా విభాగం ద్వారా ప్రవేశాలు ఉన్నాయి. ఈ సీట్లలో ఫీజు నిర్మాణం వేరు. విద్యార్హత మాత్రం సడలదు. విదేశాల్లో పన్నెండవ తరగతి చదివినవారు తమ పరీక్ష తత్సమానమనే ధ్రువీకరణను ముందుగానే పొందాలి.

రుజువులకు ఒక కాలపట్టిక

నాలుగవ ప్రశ్న అయిన రుజువు గురించి పైన అక్కడక్కడా ప్రస్తావన వచ్చింది. దానిని తరగతుల వారీగా అమర్చితే విస్తరణ కార్యక్రమాల్లో వాడుకోవడానికి అనువుగా ఉంటుంది.

ప్రాథమిక తరగతుల్లో: పల్లె బడిలో కనీసం నాలుగేళ్లు గడిచేలా చూసుకోవాలి. ఏ కారణం చేతనైనా బడి మారితే, పాత బడి నుంచి చదివిన సంవత్సరాలు స్పష్టంగా ఉన్న స్టడీ సర్టిఫికెట్‌ను అప్పుడే తీసుకోవాలి. పిల్లలు లేక మూతపడిన బడి రికార్డును పదేళ్ల తరువాత వెతకడం కష్టం. తరువాతి కాలంలో ఆ గ్రామం నగర పంచాయతీగా మారినా, చదివిన సంవత్సరాల్లో పురపాలక పరిధిలో లేదని ధ్రువపత్రంలో రాయించుకోవాలి.

ఏడు, ఎనిమిది తరగతుల్లో: వసతి పాఠశాలకు పంపే ముందు ఆ ఊరు ఏ స్థానిక ప్రాంతంలోకి వస్తుందో చూసుకోవాలి. ఆధార్, బడి రికార్డు, భూమి రికార్డుల్లో తండ్రి పేరు, ఇంటిపేరు ఒకే తీరుగా ఉన్నాయో లేదో ఈ దశలోనే సరిచూసుకోవాలి.

పదవ తరగతిలో: డిప్లొమా మార్గమా, ఇంటర్మీడియట్ మార్గమా అన్నది నిర్ణయించుకోవాలి. పుట్టిన తేదీలో తప్పుంటే పదవ తరగతి ధ్రువపత్రం జారీ కాకముందే సవరించుకోవాలి. ఆ తరువాత వయస్సుకు అదే ప్రమాణం.

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో: వారసత్వ భూమి పేరు మార్పిడి పూర్తి చేసుకోవాలి. ఉపవర్గంతో కూడిన కుల ధ్రువపత్రం, జాతీయ పోటీ కోసం కేంద్ర నమూనా పత్రాలు సిద్ధం చేసుకోవాలి. ఆర్థిక బలహీన వర్గాల పత్రానికి కాలపరిమితి ఉంటుంది కాబట్టి దాన్ని ప్రవేశం పొందే ఏడాదే తీసుకోవాలి.

ప్రకటన వెలువడిన నాడు: పై విషయాలన్నింటినీ ఆ ఏటి ప్రకటనతో మరొకసారి సరిచూసుకోవాలి. శాతాలు, నమూనాలు, గడువులు మారే అవకాశం ఉన్నది. గత సంవత్సరపు అన్నయ్య అనుభవం ఈ ఏటి తమ్ముడికి సరిపోకపోవచ్చు.

విస్తరణ వ్యవస్థ చేయదగినది

విత్తన శుద్ధి గురించి చెప్పడానికి విత్తే రోజు వరకు ఆగే శాస్త్రవేత్త ఉండడు. ప్రవేశ సమాచారం మాత్రం విత్తిన తరువాతే రైతు చెవిన పడుతున్నది. ఏరువాక కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, తెలంగాణలోని రైతు వేదికలు, ఆంధ్రప్రదేశ్‌లోని రైతు సేవా కేంద్రాలు ఏడాది పొడవునా సమావేశాలు జరుపుతున్నాయి. ఖరీఫ్ సన్నద్ధత సమావేశం జూన్ నెలలో, బడులు తెరిచే రోజుల్లోనే వస్తుంది. అందులో పది నిమిషాలు ఈ కాలపట్టికకు కేటాయించడం వల్ల అదనపు ఖర్చు లేదు. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం కింద పల్లెల్లో నెలల తరబడి ఉండే చివరి సంవత్సరం విద్యార్థులు ఆ ఊరి ఉన్నత పాఠశాలకు ఒక పూట వెళ్లి, తాము ఏ వర్గంలో, ఏ పత్రాలతో సీటు పొందారో చెప్పగలిగితే, ఆ మాట ఏ కరపత్రం కంటే బలంగా నాటుకుంటుంది.

తహసీల్దారు కార్యాలయంలో భూమి ధ్రువపత్రం, ప్రధానోపాధ్యాయుని వద్ద స్టడీ సర్టిఫికెట్, మీసేవలో కుల, ఆదాయ పత్రాలు ఒక్కొక్కటి ఒక్కో రోజు కూలి మానుకుని తెచ్చుకోవలసినవి. కౌన్సెలింగ్‌కు వారం రోజుల ముందు వాటన్నింటి కోసం తిరిగే తండ్రికి ఏదో ఒకటి మిగిలిపోవడం సహజం. రెండేళ్ల ముందుగా తెలిసినవాడు వాటిని తీరిక చూసుకుని, నాట్లకు, కోతలకు మధ్య పని లేని రోజుల్లో సమకూర్చుకుంటాడు. అలా సిద్ధమైన ఫైలు పరిశీలన బల్ల మీదకు వచ్చినపుడు అధికారి అడిగే ప్రతి ప్రశ్నకు ఒక కాగితం జవాబు చెబుతుంది; మిగిలిన విషయాన్ని ర్యాంకు చూసుకుంటుంది.